శారదానికేతనపు తల్లి: ఉన్నవ లక్ష్మీబాయమ్మగారు

మన అధ్యక్ష ఖండపు శతవార్షిక సంచికకు ఒక జీవిత చరిత్ర వ్రాయవలసినదిగా సంచిక కమిటీవారు మమ్మును కోరినప్పుడు, మిషనెరీ దొరగారి చరిత్రయో, తొలి దేశీయ కాపరి చరిత్రయో వ్రాయుదుమని వారు తలంచియుందురు. అట్టి చరిత్రలు ఈ సంచికలో వేరే పుటలలో ఉన్నవి. మేము మన సంఘమునకు చెందని ఒక స్త్రీని గూర్చి వ్రాయుచున్నాము. ఆమె బాప్తిస్మము పొందినవారు కారు. బ్రాహ్మణ కుటుంబములో పుట్టి, బ్రాహ్మణ కుటుంబములో మెట్టినవారు. అయినను ఈ పల్నాటి పరిసరములలో పుట్టిన స్త్రీలలో మన సంఘములు జ్ఞాపకము చేసికొనవలసిన వారిలో ఆమె ఒకరని మా నమ్మకము.

ఇందుకు కారణము చెప్పెదము. మన సంఘముల పాత రిజిస్టర్లు తిరగవేసినప్పుడు కాపరి అయ్యగారి పేరు, ఉపదేశి పేరు, సంఘ పెద్దల పేర్లు చక్కగా కనబడును. వారి భార్యల పేర్లు మాత్రము అరుదు. ఫలాని అయ్యగారి అమ్మగారు అని వ్రాసి ఊరుకొనిరి. రాత్రిబడి నడిపినది ఆ అమ్మగారే. ప్రసవమునకు మంత్రసానితో కూడ కూర్చున్నది, కలరా వచ్చిన ఇంటికి గంజి కాచి పంపినది ఆ అమ్మగారే. ఆమె పేరేమో నేడు ఎవరికిని తెలియదు. ఉన్నవ లక్ష్మీబాయమ్మగారి పేరు అట్లు పోలేదు కాని, ఆమె భర్త పేరు ముందు అది చిన్నదై పోయినది. ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు అనగానే మాలపల్లి నవల జ్ఞాపకము వచ్చును. లక్ష్మీబాయమ్మగారు అనగా, ఆయన భార్య అని చెప్పి ముగించుదురు. ఆ ముగించిన చోటనే మేము మొదలుపెట్టుచున్నాము.

పుట్టినిల్లు, మెట్టినిల్లు

గుంటూరునుండి నరసరావుపేటకు వచ్చు త్రోవలో ఫిరంగిపురమున్నది. ఆ చుట్టుప్రక్కల గ్రామములు పూర్వము సత్తెనపల్లి తాలూకాలోనివి. అందులో వేములూరుపాడు అను గ్రామమున 1877లో లక్ష్మీనారాయణగారు జన్మించారు. అదే తాలూకాలోని అమీనాబాదు గ్రామమున 1882లో లక్ష్మీబాయమ్మగారు జన్మించారు. రెండు ఊళ్లును మెట్టసీమలోనివి. వర్షము కురిసిన ఏడు జొన్న, కురియని ఏడు కరవు. పల్నాటివారికి ఈ బ్రతుకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ కాలపు ఆచారము ప్రకారము ఆమెకు పదియేండ్ల ప్రాయముననే వివాహము జరిగినది. వరునికి పదునైదు. పదియేండ్ల పిల్లకు పెండ్లి అనగా ఏమో తెలియదు. ఆడపిల్లలను రజస్వల కాకమునుపే పెండ్లిచేసి పంపవలెననియు, పంపనియెడల కుటుంబమునకు వెలి తప్పదనియు ఆ దినములలో అగ్రకులములవారు గట్టిగా నమ్మిరి. ఈ ఆచారముయొక్క రెండవ ముఖమే బాలవితంతువు. భర్తముఖమైన సరిగా ఎరుగని పిల్ల, ఆ భర్త జ్వరముతోనో కలరాతోనో చనిపోగా, జీవితాంతము తల గొరిగించుకొని, తెల్లచీర కట్టి, వంటింటి మూలలో బ్రతుకవలెను. శుభకార్యమునకు ఎదురు రాకూడదు. ఆమెకు మరల వివాహము చేయుటకు 1856లోనే చట్టము వచ్చినది. చట్టము కాగితముమీద నిలిచినది కాని ఇండ్లలోనికి రాలేదు.

లక్ష్మీబాయమ్మగారు ఈ ఆచారములో పుట్టి, దానిలోనే వివాహమాడి, దాని చెడుగును లోపలినుండి చూచినవారు. తాను సుమంగళిగా ఉన్నవారు. అదృష్టము తనకు ఒక ప్రక్కను, తోటి పిల్లకు మరియొక ప్రక్కను తిరిగినది, అంతే తేడా అని గ్రహించగల మనస్సు ఆమెకుండెను. ఆమె చేసిన సేవకు మూలము ఇదేయని మేము తలంచుచున్నాము.

వితంతువుల ఇల్లు

లక్ష్మీనారాయణగారు గుంటూరులో న్యాయవాదిగా పనిచేశారు. 1902లో ఆ పట్టణమున వితంతు శరణాలయము స్థాపించారు. అప్పటికి లక్ష్మీబాయమ్మగారికి ఇరువది యేండ్లు.

శరణాలయము అను మాట వినుటకు తేలిక. నడుపుట ఎట్టిదో తెలిసికొనవలెనన్న, రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగం పంతులుగారికి జరిగినది చూడవలెను. 1881 డిసెంబరు 11న ఆయన తన ఇంట మొదటి వితంతు వివాహము జరిపించగా, వంటవారు రాలేదు, నీళ్లు తెచ్చువారు మానివేసిరి, బంధువులు గడప త్రొక్కలేదు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరికి పోయి తానే బిందెలతో నీరు మోసి, పెండ్లివారికి తానే వండి పెట్టినది. ఉపన్యాసము పురుషుడు చేసెను. నీటిబిందె స్త్రీ మోసెను. సంఘసంస్కరణ చరిత్ర అంతటను ఈ నీటిబిందె ఉన్నది కాని, పుస్తకములలో దానికి చోటు తక్కువ.

గుంటూరు శరణాలయమును వీరేశలింగంగారు చూచి మెచ్చుకొనిరి. ఆ ఇంటిలో చేరు పిల్ల ఎట్టి స్థితిలో వచ్చునో ఊహించుడి. పుట్టినింటివారు వదలుకొన్నారు. అత్తవారు అపశకునమన్నారు. చదువు లేదు, చేతిలో పనిలేదు, మనిషిని నమ్ము ధైర్యము లేదు. ఆమెకు కావలసినది మొదట ఉపన్యాసము కాదు. తలకు నూనె, కడుపునకు అన్నము, రాత్రి ప్రక్కన పడుకొను ఒక తోడు. ఆ పిమ్మట పలక, బలపము. ఇది పురుషుడు చేయగల పని కాదు. ఏ కమిటీ తీర్మానమును దీనిని చేయలేదు. ఆ ఇంటి ఇల్లాలు తన ఇంటిని ఇంకొకరి ఇల్లుగా చేసిన యెడలనే ఇది జరుగును.

1912లో లక్ష్మీనారాయణగారు పూనా వెళ్లి, కార్వే పండితుడు నడుపుచుండిన వితంతు శరణాలయమును, మహిళా విద్యాలయమును చూచి వచ్చారు. పిమ్మట బారిస్టరు చదువునకై ఐర్లండు దేశమందలి డబ్లిను నగరమునకు పోయి తిరిగి వచ్చారు. సముద్రము దాటినవానిని బ్రాహ్మణ సంఘము ప్రాయశ్చిత్తము చేసికొమ్మని అడుగు దినములవి. వితంతు వివాహములు చేయించినందుకే వెలి మాట వినవలసి వచ్చిన కుటుంబమునకు అది రెండవ వెలి.

ఇక్కడ క్రైస్తవ పాఠకులకు ఒక సంగతి జ్ఞాపకము చేయుదుము. మహారాష్ట్ర దేశమున పండిత రమాబాయిగారు తానే వితంతువై, వితంతువులైన బాలికలకొరకు 1889లో బొంబాయిలో శారదాసదనమును స్థాపించారు. పిమ్మట కేడ్గామ్‌లో ముక్తి మిషను నడిపారు. ఆమె ప్రభువును అంగీకరించి ఆ పని చేశారు. రమాబాయిగారు 1922 ఏప్రిలులో నిద్రించారు. అదే 1922లో గుంటూరులో ఉన్నవ దంపతులు శారదానికేతనము స్థాపించారు. ఒకటి క్రైస్తవ స్త్రీ కట్టినది, రెండవది హిందూ దంపతులు కట్టినది. రెంటికిని శారద పేరే. రెండును తల్లి ఇల్లు లేని పిల్లకు తల్లి ఇల్లే.

పల్నాటి పుల్లరి, చెరసాల, మాలపల్లి

1921లో పల్నాటిలో ఏమి జరిగినదో మన పెద్దల నోట విన్నవారము. అడవిలో పశువులను మేపుకొనుటకు సర్కారువారు పుల్లరి వసూలు చేయుచుండిరి. పంటలు పోయిన సంవత్సరములలో ఆ పుల్లరి కట్టుట కష్టమాయెను. కట్టనివారి పశువులను బందెలదొడ్డికి తోలుచుండిరి. ప్రజలు ఎదురు తిరిగారు. గుంటూరు కాంగ్రెసువారి తరఫున లక్ష్మీనారాయణగారు, వేదాంతం నరసింహాచార్యులుగారు మాచర్ల ప్రాంతమునకు వచ్చి ప్రజలకు తోడుగా నిలిచిరి. ప్రభుత్వము వారిని నిర్బంధించి చెరసాలకు పంపెను. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు వద్ద కన్నెగంటి హనుమంతుగారు పోలీసుల తుపాకులకు బలియైనది ఈ ఉద్యమములోనే.

ఆ చెరసాలలో లక్ష్మీనారాయణగారు మాలపల్లి వ్రాసిరి. రామదాసు, ఆయన భార్య మహాలక్ష్మి, వారి కుమారులు వెంకటదాసు, సంగదాసు, అందరును మాలపల్లెవారు. తెలుగు నవలకు కథానాయకులుగా మన పల్లెల మనుష్యులు వచ్చుట గొప్ప మార్పు. ఆ పుస్తకము వెలువడిన కొలదికాలమునకే మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించెను. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిమ్మటగాని ఆ నిషేధము పూర్తిగా తొలగలేదు. మేము వేదాంత కళాశాలలో చదువు దినములలో ఆ నవలను గ్రంథాలయమునుండి తెచ్చి, దీపము ఆర్పుమని వార్డెనుగారు కేక వేయువరకు చదివితిమి. మా తాతల బ్రతుకును ఒక బ్రాహ్మణుడు ఇంత దగ్గరగా ఎట్లు చూచెనని ఆశ్చర్యపడితిమి. అప్పుడు ఆయన భార్యను గూర్చి మాకేమియు తెలియదు. తెలిసికొనవలెనని తోచనుకూడ లేదు.

నేడు మాకు తోచుచున్న సంగతి ఇది. ఏ ఇంటి తలుపు వెలివేయబడిన స్త్రీకి తెరవబడినదో, ఆ ఇంటి యజమానునికి వెలివేయబడిన పల్లె కనబడుట వింతకాదు. మాలపల్లిని ఆయన చెరసాలలో వ్రాసియుండవచ్చును. దానికి కావలసిన చూపు మాత్రము ఇరువది యేండ్లు ఆ ఇంటిలో, ఆ స్త్రీల మధ్య, ఆ ఇల్లాలి ప్రక్కన పదునైనదని మేము తలంచుచున్నాము.

పిల్లలే ఆమె పుస్తకము

శారదానికేతనము ఆడపిల్లల కొరకైన జాతీయ విద్యాలయము. గుంటూరులో అంతకు మునుపే ఆడపిల్లల చదువు ఉండెను. 1842 జూలై 31న హెయ్యరు దొరగారు గుంటూరు వచ్చిన తరువాత మిషనువారు పాఠశాలలు తెరచిరి. కుగ్లరు దొరసానమ్మగారు 1883లో వచ్చి వైద్యసేవకు దారితీసిరి. ఆ పాఠశాలలలో మన పిల్లలు చదివిరి. అయితే అగ్రకులములలోని వితంతువులు, భర్త విడిచిన స్త్రీలు, పేద యిండ్ల పెద్దపిల్లలు ఆ గడప దాటుటకు ఇంటివారు ఒప్పుకొనుట తక్కువ. వయస్సు మించిన స్త్రీ చిన్నపిల్లల ప్రక్కన బల్లమీద కూర్చుండి అ ఆలు నేర్చుటకు సిగ్గుపడును. అట్టివారికి ఒక చోటు కావలెను.

లక్ష్మీబాయమ్మగారు ఆ చోటును చేసిరి. అక్కడ తెలుగు, సంస్కృతము నేర్పిరి. నూలు వడకుట మొదలైన చేతిపనులు నేర్పిరి. పిల్లలు అక్కడనే ఉండి, అక్కడనే భోజనముచేసి చదువుకొనిరి. భాషా పరీక్షలకు కూర్చుండి నెగ్గిన స్త్రీలు తెలుగు పండితులై బాలికల పాఠశాలలలో ఉపాధ్యాయినులైరి. మూలనుండిన స్త్రీ నెలజీతము తెచ్చుకొను స్త్రీ ఆయెను. ఇది చిన్న మార్పు కాదు. జీతము వచ్చు వితంతువును ఇంటివారు అపశకునమని పిలుచుటకు జంకుదురు. ఆమెకు కులపెద్దల క్షమాపణ అక్కరలేదు. నెల మొదటి తేదీ చాలును.

సంస్థ నడుపుటకు ధనము కావలెను. బారిస్టరు వృత్తిలో సంపాదించవలసిన భర్త దేశసేవలో చెరసాలల పాలాయెను. చందాలు అడుగుట, బియ్యము కూర్చుట, పిల్ల జ్వరపడినప్పుడు మేలుకొనియుండుట, ఈ పనులు ఎవరును వార్తాపత్రికలో వ్రాయరు. ఉప్పు సత్యాగ్రహ కాలమున లక్ష్మీబాయమ్మగారు తానును చెరసాలకు వెళ్లిరి. పదియేండ్ల వధువుగా కాపురమునకు వచ్చిన స్త్రీ, ఐదు పదులకు చేరువైన ప్రాయమున చెరసాల అన్నము తినెను. భర్త వెంట వెళ్లెనని కొందరందురు. మేము అట్లు చెప్పము. ఆమె తన త్రోవను తానే నడిచెను. ఇద్దరి త్రోవయు ఒకటియైనది.

1956లో, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము ఏర్పడిన సంవత్సరములోనే, ఆమె కాలధర్మము చెందారు. అరువది యేండ్లు దాటిన దాంపత్యము అది. లక్ష్మీనారాయణగారు ఆమె లేకుండ మరి రెండేండ్లు బ్రతికి, 1958 సెప్టెంబరు 25న కన్ను మూశారు. ఆ రెండేండ్లను గూర్చి వ్రాయుటకు మేము సాహసింపము. భార్యను మట్టికప్పగించిన వృద్ధులను మా పరిచర్యలో అనేకులను చూచితిమి. ఉదయము లేచి రెండు గ్లాసులు బల్లమీద పెట్టి, ఒకటి తీసి మరల అలమరలో పెట్టుదురు. పండితుడైనను పామరుడైనను అంతియే.

మన ఇంటి సంగతి

ఇంతవరకు పరుల ఇంటి సంగతి చెప్పితిమి. ఇక మన ఇంటి సంగతి చెప్పక తప్పదు.

మన పల్లెలలో, మన తాతముత్తాతల కాలమున, భర్త పోయిన స్త్రీకి మారుమనువు ఉండెను. పెద్దలు కూర్చుండి, చీర పెట్టి, ఆమెను మరియొక ఇంటికి పంపుట తప్పుగా ఎంచలేదు. తల గొరిగించుట మన ఆచారము కాదు. బీదరికము ఉండెను కాని ఈ క్రూరత్వము లేకుండెను. సువార్త వచ్చినది, చదువు వచ్చినది, ఉద్యోగములు వచ్చినవి. మర్యాదస్థులమైతిమి. మర్యాదతో కూడ, ఎవరి మధ్య గౌరవము కోరితిమో వారి ఆచారములును మన ఇండ్లలోనికి వచ్చినవి. ఉన్నవ దంపతులు ఏ ఆచారమును తమ ఇంటినుండి బయటికి నెట్టిరో, దానిని మనము వీధి తలుపు తెరచి లోపలికి పిలిచితిమి. కట్నముకూడ ఆ తలుపుననే వచ్చినది.

మా తప్పును దాచము. మా పరిచర్య తొలిదినములలో పల్నాటిలోని ఒక గ్రామ సంఘమున వివాహము జరిపించుచుంటిమి. వధువు తల్లి వితంతువు. మిరపచేలలో కూలికిపోయి ఆ పిల్లను బి.ఏ. వరకు చదివించిన తల్లి. ఆరాధన మొదలగునప్పటికి ఆమె ముందు వరుసలో లేదు. గుడి వెనుకటి ద్వారమువద్ద, స్తంభము చాటున, కొంగు నోటికి అడ్డుపెట్టుకొని నిలిచియున్నది. పెండ్లికూతురును చేయిపట్టి తెచ్చినవాడు మేనమామ. మాకు కనబడినది. పెద్దలు ఆలస్యమగుచున్నదని తొందరపెట్టిరి. మేము ఏమియు అనలేదు. ప్రార్థన చేసితిమి, ఆశీర్వదించితిమి, భోజనము చేసి ఇంటికి వచ్చితిమి.

ఆ రాత్రి మా ఇంటివారు ఒక్క ప్రశ్న అడిగిరి. ఆ తల్లిని ముందుకు ఎందుకు పిలువలేదని. మావద్ద జవాబు లేదు. వేదాంత కళాశాలలో నాలుగేండ్లు చదివిన చదువులో ఆ ప్రశ్నకు జవాబు ఉన్నది కాని, ఆ ఉదయము మాకు నోరు రాలేదు. నాటినుండి, తల్లి ముందు వరుసలో కూర్చుండువరకు మేము వివాహారాధన ఆరంభింపము. కొన్ని చోట్ల పెద్దలు నొచ్చుకొనిరి. ఒక చోట గంటసేపు ఆలస్యమాయెను. ఆ గంటను గూర్చి మాకు చింతలేదు. మొదటి తల్లికి మాత్రము ఆ దినము తిరిగి రాదు.

లక్ష్మీబాయమ్మగారి చరిత్రను మేము వెదకి తెలిసికొన్నది ఆ తరువాతనే. ఆమె స్తంభము చాటునున్న స్త్రీని చూచి ఊరకుండలేదు. చేయిపట్టి లోపలికి తెచ్చిరి. అంతే తేడా. కాని ఆ తేడాయే ఆమె జీవితమంతయు.

యొప్పే పట్టణపు దొర్కా కథ మనకందరికి తెలియును. ఆమె చనిపోగా, పేతురు వచ్చినప్పుడు, విధవరాండ్రు ఏడ్చుచు, ఆమె కుట్టి ఇచ్చిన వస్త్రములను చూపించిరి. ఆమె ఏమి బోధించెనో ఎవరును చెప్పలేదు. ఆమె భర్త ఎవరో, ఉన్నాడో లేడో వ్రాయబడలేదు. ఒడలిమీది బట్టలే ఆమెకు సాక్ష్యము. లక్ష్మీబాయమ్మగారికిని అట్టి సాక్ష్యమే మిగిలినది. ఆమె పేరున నవల లేదు. తాను అక్షరము నేర్చి, పిల్లలకు నేర్పి, గౌరవముగా ముసలివారైన స్త్రీలే ఆమె కుట్టిన వస్త్రములు.

కనుక ఈ శతవార్షికమున మా విన్నపము ఒకటి. ప్రతి సంఘమువారును తమ పాత అయ్యగార్ల భార్యల పేర్లను, బైబిలు స్త్రీల పేర్లను, రాత్రిబడి నడిపిన విధవరాండ్ర పేర్లను, పెద్దవారు ఇంకను బ్రతికియుండగానే అడిగి వ్రాసికొనవలెను. అమ్మగారు అని కాదు, పేరుతో వ్రాయవలెను. పేరు వ్రాసిన తరువాత, గుడి వెనుక ద్వారమువైపు ఒకసారి తిరిగి చూడవలెను. అక్కడ ఇంకను ఎవరైన నిలిచియున్నయెడల, పాట మొదలుపెట్టకమునుపే ఆమెను లోనికి పిలువవలెను.

అట్టి కృప దేవుడు మన సంఘములకు దయచేయును గాక. ఆమేన్.